ఓవెన్ పక్కన కుర్చీ

"ఆ ఓవెన్ అద్దం తలుపు వేడెక్కితే? ఎవరైనా చూసుకోకుండా మోచెయ్యి ఆనిస్తే? చర్మం ఊడి అద్దానికి అంటుకుపోతుందట. వింటున్నారా మీరిద్దరూ?"

ఎవరూ వినలేదు. మా ఇంట్లో నా మాటా ఫ్యాను చప్పుడూ ఒకటే. తిరుగుతున్నంతసేపూ ఎవరికీ పట్టదు, ఆగినప్పుడే తలెత్తి చూస్తారు. మా ఆయన నోటి నిండా బుల్లి మేకులు. సోఫాలకు స్పాంజీ రెగ్జినూ బిగించేవాళ్ళకి అదొక అలవాటు, మేకులు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే నాలికతో ముందుకు తోసి సుత్తితో కొడతారు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నాకు జవాబు చెప్పకుండా తప్పించుకున్నవన్నీ ఆ మేకుల చాటునే. మా అమ్మాయి సుద్దముక్క పట్టుకుని, ఎవరెక్కడ కూర్చోవాలో నేల మీద గీతలు గీస్తోంది.

"అమ్మా, కాలు తియ్. మూడో మనిషి ఒళ్ళో నిలబడ్డావు."

ఈ కథ కిందటి వారం భాగంలో, వంటింటికీ ముందు గదికీ మధ్య ఉన్న గోడ కూలిపోయే దాకా మీకు చెప్పాను. ఆ దుమ్ము చక్కెర డబ్బా మూత మీద ఇంకా అలాగే ఉంది, ఎన్నిసార్లు తుడిచినా మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. గోడ తీయించింది అమ్మాయే. ఇన్నేళ్ళూ మా ఇంటికి ఎవరొచ్చినా వచ్చినవాళ్ళు ముందు గదిలో, వండినవాళ్ళు గోడకి ఇవతల. వాళ్ళ నవ్వులు మాకు వినపడేవి, దేనికి నవ్వారో తెలిసేది కాదు. అందరి కంచాలూ ఖాళీ అయ్యాక చల్లారినది నిలబడి తినేవాళ్ళం. "వండే మనిషి కూడా కూర్చునే వంటిల్లు కావాలి నాకు" అంది అమ్మాయి. వచ్చే శనివారం సాయంత్రానికి తన లారీ ఆఫీసు నుంచి ఎనిమిదిమందిని పిలిచింది. వాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని కబుర్లు చెబుతుంటే, తను వాళ్ళ ఎదురుగా ఓవెన్లోంచి రొట్టెలు తీసి పెట్టాలి. ఇదీ తన కోరిక.

ఇంకొకటి కూడా చెప్పాను, మరిచిపోయినవాళ్ళకోసం మళ్ళీ చెబుతాను. తొమ్మిదేళ్ళ కిందట అమ్మాయికి బేకరీ స్కూల్లో సీటొచ్చింది. వందలమంది రాస్తే పన్నెండుమందిని తీసుకున్నారు. చేరడానికి వారం ముందు నేను ఎవరికీ చెప్పకుండా ఆ ఆఫీసుకి వెళ్ళి, "మా అమ్మాయికి ఫిట్స్ వస్తాయి, నిప్పు ముందు నిలబెట్టకండి" అని ఏడ్చి వచ్చాను. అమ్మాయికి మూర్ఛ లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. సీటు పోయింది. ఎందుకు పోయిందో తెలియక అమ్మాయి లారీ ఆఫీసులో గుమస్తాగా చేరింది. ఈ సంగతి మా ఇంట్లో నా ఒక్కదానికే తెలుసు. బయటపడిన రోజున నా కూతురు నా మొహం చూడదు. తొమ్మిదేళ్ళుగా నేను భయపడని గంట లేదు, అయితే ఈ భయం ముందు మిగతావన్నీ ఉత్తుత్తివి.

"నువ్వొచ్చి కూర్చో అమ్మా, నాన్న కొలత చూస్తారట."

గోడ పక్కన ఆయన ఎల్ ఆకారంలో బల్లచెక్క బిగించారు. పైన స్పాంజి ఇంకా అతికించలేదు, ఊరికే పరిచారు. కూర్చునే చోటు సుఖంగా ఉందా అని ఆయన ఎవర్నీ నోటితో అడగరు. అడిగితే అందరూ మర్యాదకి బావుందనే అంటారట. చేతికి టీ కప్పు ఇచ్చి కూర్చోబెడతారు. టీ అయిపోయేలోగా ఆ మనిషి ఎన్నిసార్లు కదిలాడో వేళ్ళతో లెక్కపెడతారు. రెండుసార్లకు మించి కదిలితే ఎత్తు తేడా అన్నట్టు. మళ్ళీ విప్పి, అర అంగుళం కోసి, మళ్ళీ టీ. ఒక్కో సోఫాకి మనిషికి ఆరు టీలు తాగించిన రోజులున్నాయి.

నేను కప్పు పట్టుకుని కూర్చున్నాను. మూడు గుటకలు తాగానో లేదో ఆయన రెండు వేళ్ళు ఎత్తారు.

"నేను కదల్లేదు."

మూడో వేలు కూడా లేచింది.

"మాట్లాడితే కూడా కదిలినట్టేనా? మూల కూర్చున్నవాళ్ళకి పొలమారితే ఎలా అని ఆలోచిస్తున్నాను. అటు నలుగురు, ఇటు నలుగురు. అంతమందిని లేపి బయటికి రావాలి. ఈలోగా ఊపిరాడక..."

"నాన్నా, అమ్మ లెక్క తీసెయ్యి" అంది అమ్మాయి నవ్వుతూ. "అమ్మ ఎక్కడ కూర్చున్నా అంచు మీదే కూర్చుంటుంది, ఏ నిమిషాన గంట మోగితే ఆ నిమిషాన పరిగెత్తాలన్నట్టు. ఫైరింజనుకి సోఫా ఎందుకు?"

తండ్రీ కూతుళ్ళు నాకు పెట్టిన పేరు అది. మేకుల మధ్య నుంచే ఆయన నవ్వారు, ఒక మేకు జారి స్పాంజి మీద పడింది.

"నవ్వండి. ఎత్తు స్టూళ్ళు వద్దని కిందటి వారం నేను మొత్తుకోకపోతే ఈపాటికి ఎవరో ఒకరు వెనక్కి పడి తల పగలగొట్టుకునేవాళ్ళు."

"నిజమే అమ్మా. అది మాత్రం నువ్వన్నదే కరెక్టు. స్టూళ్ళ మీద మనుషులు పదినిమిషాలు కూర్చుంటారు, బెంచీ మీద రెండు గంటలు కూర్చుంటారు." సుద్దముక్కతో బెంచీ అంచున ఒక గీత గీసింది. "మనిషికి రెండడుగులు. మోచేతులు తగలవు. బల్ల కింద మోకాళ్ళకి చోటు. వీపు ఆనేది కొంచెం వెనక్కి. ఎనిమిదిమంది సరిపోతారు. తొమ్మిదోది నాది, ఇటువైపు, ఓవెన్‌కి రెండడుగుల్లో. కూర్చున్న చోటు నుంచే తలుపు తెరవొచ్చు."

తనకోసం గీసుకున్న ఆ గడిలో మఠం వేసుకుని కూర్చుంది. ముప్ఫై ఏళ్ళ మనిషి. ఆ క్షణాన పదేళ్ళ పిల్లలా కనపడింది నాకు. ఎంత సంతోషంగా ఉందో. ఎవరైనా అంత సంతోషంగా ఉంటే నాకు ఊపిరి సలపదు. తర్వాత ఏం వస్తుందోనని.

వచ్చింది. పదకొండు గంటలకి తలుపు కొట్టారు.

ఓవెన్ల దుకాణం నుంచి కొలతలు తీసుకోవడానికి మనిషి వస్తాడని అమ్మాయి ముందే చెప్పింది. నలభై దాటిన మనిషి, చేతిలో టేపు, చంకలో బొమ్మల పుస్తకం. లోపలికొచ్చి చెప్పులు విడుస్తూ తల పక్కకి తిప్పాడు. ఎడమ చెవి పైఅంచు కాలి, లోపలికి ముడుచుకుపోయి ఉంది.

గుర్తుపట్టాను. తొమ్మిదేళ్ళ కిందట ఆ బేకరీ స్కూలు ఆఫీసులో నేను ఏడుస్తుంటే బల్ల పక్కన నిలబడి గ్లాసుతో నీళ్ళిచ్చిన మనిషి ఇతనే. అప్పుడు అక్కడి ఓవెన్లు బాగుచేసేవాడు. ఆ చెవిని చూసే కదా నా ఏడుపు ఇంకా ఎక్కువైంది ఆవేళ.

లేచి సింకు దగ్గరికి వెళ్ళి, వాళ్ళకి వీపు తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టాను.

"ఎంతమందికి వండుతారు మేడమ్?"

"ఎనిమిది, తొమ్మిది. ఒకేసారి రెండు ట్రేలు పట్టాలి."

"అయితే పెద్దదే తీసుకోవాలి. గ్యాసుదా, కరెంటుదా?"

"నాకు గ్యాసు మీదే మనసు. గ్యాసు వేడిలో తడి ఉంటుంది కదా, రొట్టె మీద పెట్టిన గాటు బాగా విచ్చుకుంటుంది. కరెంటు దాంట్లో ఫ్యాను పైపొరని ముందే ఎండబెట్టేస్తుంది."

"ఫ్యాను ఆపేసే మీట ఉన్నవి వచ్చాయిప్పుడు. కింద రాడ్డూ పైన రాడ్డూ విడివిడిగా వేసుకోవచ్చు. గ్యాసుదైతే కింద మాడుతుంది, పైన రంగు రాదు. సగంలో ట్రే తిప్పుకుంటూ ఉండాలి."

"తిప్పుతాను. నాకేం బద్ధకం లేదు."

"అడుగున రాతిపలక వేస్తారా?"

"వెయ్యకపోతే ఎలా? అరగంట ముందు నుంచి కాగాలి అది."

ఇద్దరూ ఒకే ఊళ్ళో పెరిగినవాళ్ళలా మాట్లాడుకుంటున్నారు. నాకు వెనక నుంచి వినపడుతోంది. నా కూతురు గొంతులో అంత చలాకీతనం ఆ లారీ ఆఫీసు సంగతులు చెప్పేటప్పుడు నేను ఎన్నడూ వినలేదు. ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఎన్ని పెట్టెలు దిగాయి అని చెబుతున్నప్పుడు తన గొంతు బస్సులో టికెట్ అడిగినట్టుంటుంది.

"బాబూ, మీటరు బయటుంది, ముందు అది చూసి రండి" అన్నాను తిరక్కుండా. "కరెంటు తట్టుకోకపోతే ఇల్లంతా తగలబడుతుంది."

"చూశానమ్మా, వస్తూనే చూశాను. దిట్టంగా ఉంది." మళ్ళీ అమ్మాయితో, "ఇంత తెలిసినవాళ్ళు నాకు ఇళ్ళల్లో తగల్లేదు మేడమ్. ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఎక్కడా లేదు. పుస్తకాలు చదివి, ఇంట్లో చిన్న ఓవెన్లో తగలేసి తగలేసి."

"స్కూలుకి వెళ్ళాల్సింది."

"సీటొచ్చింది. చేర్చుకోలేదు."

"మా స్కూలేనా? రైలు కట్ట అవతల, ఎర్ర మెట్లున్నది? నేనక్కడ పదకొండేళ్ళు చేశాను."

"అదే."

"మీకు టీ పెడతాను ఉండండి" అన్నాను గట్టిగా. "చక్కెర ఎన్ని చెంచాలు? కూర్చోండి, అదిగో అక్కడ, ఆ అంచున కాదు, మేకులుంటాయి. ఏమండీ, మీరైనా చెప్పండి, ఆయన కాల్లో మేకు దిగుతుంది!"

ఆ కంగారులో వెనక్కి తిరిగాను. చేసిన తప్పు అదే. టేపు సగం లాగి పట్టుకుని అతను నావైపు చూశాడు, అమ్మాయివైపు చూశాడు, మళ్ళీ నావైపు.

"మిమ్మల్ని ఎక్కడో చూశానమ్మగారూ."

"నాది అందరి మొహంలాంటి మొహం బాబూ. ఎవరు చూసినా ఎక్కడో చూసినట్టే ఉంటుంది."

అతను మళ్ళీ టేపు వైపు తిరిగాడు. ప్రాణం లేచొచ్చింది నాకు. కానీ అతను గోడ దగ్గరికి వెళ్ళి, అమ్మాయి గీసిన పెన్సిల్ గుర్తును బొటనవేలితో చెరిపి, నడుమెత్తులో ఇంకోటి గీశాడు. చాలా మెత్తగా, జబ్బుమనిషి దగ్గర మాట్లాడినట్టు మాట్లాడాడు.

"గ్యాసు వద్దు మేడమ్. కరెంటుదే తీసుకోండి. మంట ఉండదు. ఈ ఎత్తున పెడదాం, వంగక్కర్లేదు. తలుపు కిందికి పడేది కాకుండా పక్కకి తెరుచుకునేది ఉంది. మూడు అద్దాలది, పైన చెయ్యి పెట్టినా కాలదు." ఆ తర్వాత అమ్మాయి చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, అమ్మాయి తనకని గీసుకున్న గడి పక్కన ఇంకో గడి గీశాడు. "ఇక్కడ ఒక కుర్చీ ఎప్పుడూ వేసి ఉంచండి. చేతులున్నది, వెనక్కి వాలేది."

"అక్కడ కుర్చీ వేస్తే ట్రే పట్టుకుని తిరిగే దారి పోతుందండీ."

"పోనివ్వండి. ఒళ్ళు తెలియకుండా పోతున్నట్టు అనిపించగానే కూర్చుండిపోవచ్చు. నేల మీద పడితే ప్రమాదం కదా. మా అక్కకీ ఉంది మేడమ్, సిగ్గుపడాల్సిందేం లేదు. మందులు వేసుకుంటూ ఇద్దరు పిల్లల్ని పెంచింది."

"ఏముంది మీ అక్కకి?"

"ఫిట్స్."

అమ్మాయి నవ్వింది. "నాకు ఫిట్సేమిటండీ?"

అతను కూడా ముందు నవ్వబోయాడు, దాచుకుంటోందనుకుని. "ఆవేళ అమ్మగారు మా ఆఫీసుకొచ్చి ఎంత ఏడ్చారో నాకింకా గుర్తు. నేనే మంచినీళ్ళిచ్చాను. మా స్కూలు పెద్ద మేడమ్‌గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. ఇంత మంచి చెయ్యి ఉన్న పిల్లకి ఇలాంటిది వచ్చిందే అని..."

మాట అక్కడే ఆగిపోయింది. అమ్మాయి మొహం చూశాడు. టేపు చేతిలోంచి జారి సర్రున లోపలికి పోయింది.

"ఎప్పుడు?" అంది అమ్మాయి. మామూలుగానే అడిగింది, సామాను ఎప్పుడు దిగుతుందని ఆఫీసులో అడిగినట్టు.

"చేరే ముందు వారం." అతని చూపు చెప్పుల మీదికి పోయింది. "నేను... నాకు తెలియదు మేడమ్. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

"మీ తప్పేం లేదు. పుస్తకం ఇక్కడ పెట్టి వెళ్ళండి. ఏది కావాలో ఫోన్ చేసి చెబుతాను."

గుమ్మం దాకా వెళ్ళి సాగనంపింది కూడా. తలుపు మెల్లగా వేసింది. వెనక్కి వచ్చి, తండ్రి పరిచిన స్పాంజి మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న చోటు చేత్తో చూపించింది.

"కూర్చో అమ్మా."

"టీ పొంగుతుంది..."

"స్టవ్ ఆపి వచ్చి కూర్చో."

కూర్చున్నాను. ఈసారి ఎవరూ నా కదలికలు లెక్కపెట్టలేదు.

"వెళ్ళావా?"

"ఆ మనిషి ఎవర్ని చూసి ఎవరనుకున్నాడో. ఎన్నేళ్ళ మాట. రోజుకి ఎంతమంది తల్లులు వెళుతుంటారు అక్కడికి..."

"అమ్మా. వెళ్ళావా?"

అబద్ధం నాలిక చివర దాకా వచ్చింది. కానీ తొమ్మిదేళ్ళు మోసి మోసి అలిసిపోయానో ఏమో, నోరు దానంతటదే తెరుచుకుంది. "వెళ్ళాను."

"ఫిట్స్ అని చెప్పావా?"

"ఇంకేం చెప్పినా చేర్చుకుంటారనిపించింది. జలుబంటే మందిస్తారు. పెళ్ళంటే ఆగుతారు. అందుకని..."

"ఆలోచించే చెప్పావన్నమాట."

"భయపడి చెప్పానే! పేపర్లో చూశాను. బేకరీలో మంటలు, ముగ్గురు పిల్లలు లోపలే ఉండిపోయారు. ఒకమ్మాయిది నీ వయసే. మూడు రాత్రులు నాకు కంటి మీద కునుకు లేదు. కళ్ళు మూస్తే నువ్వే కనపడ్డావు."

"ఏ పేపర్లో?"

"సబ్బు పొట్లం కట్టిన కాయితం మీద."

"ఏ ఊరో ఉందా? ఏ సంవత్సరమో?"

"చిరిగిపోయింది. సగమే ఉంది."

అమ్మాయి తల ఊపింది, నెమ్మదిగా, చాలాసార్లు. నన్ను కొట్టినా తిట్టినా బావుండేది. తిట్టే నోరు కాదు దానిది. చిన్నప్పటి నుంచీ అంతే, కోపమొస్తే గొంతు ఇంకా కిందికి దిగుతుంది.

"వాళ్ళు రాసిన ఉత్తరం గుర్తుందా నీకు?" అంది. "'ఆరోగ్యం దృష్ట్యా' అని ఒక్క ముక్క. నేను దాన్ని పట్టుకుని ఎన్ని రోజులు చదివానో. బక్కగా ఉన్నాను కదా, పిండి బస్తాలు ఎత్తలేననుకున్నారేమో అనుకున్నాను. మరుసటేడు మళ్ళీ రాద్దామని ఒళ్ళు చేయడానికి కూర్చున్నాను. రోజూ పొద్దున్నే పాలల్లో పచ్చిగుడ్డు కొట్టుకుని తాగాను. ఎవరిచ్చారమ్మా అది నాకు?"

నేను స్పాంజి అంచు గిల్లుతూ కూర్చున్నాను.

"నువ్వే ఇచ్చావు. వాంతి వచ్చేది నాకు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడి, వీపు రాసేదానివి. 'తాగమ్మా, కొంచెమే ఉంది' అనేదానివి. ఎనిమిది నెలలు. అప్పుడైనా చెప్పొచ్చుగా? గుడ్డు తాగక్కర్లేదే, నీ ఒంట్లో ఏం లోపం లేదే అని ఒక్క మాట?"

"ఒళ్ళు రావడం మంచిదే కదా అనుకున్నాను."

ఈ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. అమ్మాయి నా వైపు చూసిన చూపు, ఏ ఇంటివాళ్ళో తెలియని మనిషిని చూసినట్టుంది.

"మరుసటేడు మళ్ళీ రాశాను. పిలుపే రాలేదు. ఇప్పుడు అర్థమైంది ఎందుకు రాలేదో. పేరు చూడగానే పక్కన పెట్టి ఉంటారు." గోడ మీద పెన్సిల్ గీతలను చూస్తూ మాట్లాడింది. "తొమ్మిదేళ్ళు. లారీ ఎక్కిన పెట్టెలు, దిగిన పెట్టెలు. పగిలినవి ఎన్ని, తడిసినవి ఎన్ని. నాలో ఏదో లోటుందనే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. అందరికీ కనపడి నాకు కనపడని లోటు. మనుషులు నన్ను చూస్తుంటే వాళ్ళకేం కనపడుతోందో అని వెతుక్కునేదాన్ని. ఈ బెంచీలు, ఈ బల్ల, ఈ ఎనిమిదిమంది, ఇదంతా ఎందుకనుకున్నావు? వాళ్ళ ముందు నిలబడి రొట్టె తీసి, చూడండి నాకేం కాలేదు అని చూపిద్దామని."

"నువ్వు ప్రాణాలతో ఉన్నావు కదే" అన్నాను. "ఏ మచ్చా లేకుండా, చెయ్యీ కాలూ చల్లగా ఉన్నావు కదే తల్లీ. ఆ మనిషి చెవి చూశావా?"

"చూశాను. ఆ చెవితోనే అతను తనకి నచ్చిన పని చేసుకుంటున్నాడు. ఇందాక ఓవెన్ తలుపు గురించి చెబుతుంటే చూశావా అతని మొహం?" వేళ్ళకంటిన సుద్ద దులుపుకుంది. "నేను ఉన్నానమ్మా. నిజమే. ఉండడం తప్ప ఇంకేం చెయ్యలేదు."

చక్కెర డబ్బా మీది దుమ్ము నా వేళ్ళకి ఎప్పుడు అంటిందో, వేళ్ళు పాలిపోయినట్టున్నాయి. తుడుచుకుంటూ కూర్చున్నాను. శనివారం సాయంత్రం ఈ బెంచీ మీద ఎవరూ కూర్చోరనీ, ఈ సాయంత్రానికే అమ్మాయి పెట్టె సర్దుకుంటుందనీ నాకు కళ్ళకు కట్టినట్టు తెలిసిపోయింది. చెడు జరగకముందే తెలియడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఆ విద్య ఎన్నడూ దేన్నీ ఆపలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఒక్కసారి మాత్రం ఆపింది, ఆపకూడనిదాన్ని ఆపింది.

"ఒకటి చెప్పు" అంది అమ్మాయి ఉన్నట్టుండి. గొంతు మారింది. లారీ ఆఫీసులో కాయితాల్లో తేడా పట్టుకున్నప్పుడు ఇలాగే మాట్లాడుతుందనుకుంటాను. "ఎవరో ఒకావిడ వచ్చి ఏడిస్తే వాళ్ళు నమ్మేశారా? డాక్టరు చీటీ అడగలేదా?"

"అడగలేదు."

"ఏ కాయితమూ అడగలేదా?"

"లేదే. నీళ్ళిచ్చి, వెళ్ళి రామ్మా, మేం చూసుకుంటాం అన్నారు. అంతే. ఒట్టు."

"అది సర్కారు స్కూలమ్మా. నేను చేరడానికే ఏడు కాయితాలు అడిగారు. పరీక్షలో మూడో స్థానంలో వచ్చినదాన్ని ఉత్త నోటిమాట మీద తీసేస్తారా?"

అప్పుడు నేనూ ఆశ్చర్యపోయాను, ఇంత తేలిగ్గా అయిపోయిందేమిటా అని. దారంతా నడుచుకుంటూ వచ్చి, అదృష్టమనుకున్నాను. అదృష్టమని!

అమ్మాయి చూపు నా మీది నుంచి తిప్పి గోడ వైపు చూసింది. అప్పుడు నేనూ చూశాను. ఆయన బెంచీ కాలు పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. ఎప్పటి నుంచి సుత్తి చప్పుడు ఆగిపోయిందో నేను గమనించనేలేదు. మేకులన్నీ ఉమ్మేసి అరచేతిలో పట్టుకున్నారు. తడి ఆరి ఉన్నాయి అవి. చాలాసేపటి నుంచి ఆయన నోరు ఖాళీగానే ఉంది.

"నాన్నా" అంది అమ్మాయి. "నీకు తెలుసా?"

"ఆయనకేం తెలుసే!" అన్నాను. లేచి ఇద్దరి మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. "ఆయన్ని ఎందుకు లాగుతావు? ఏమన్నా ఉంటే నన్ను అను. నేను ఎవరికీ చెప్పకుండా వెళ్ళాను, ఎవరికీ చెప్పకుండా వచ్చాను. ఆయన ఆవేళ పొద్దున్నే హోటల్ కుర్చీల పని మీద పోయారు. ఈ మనిషికి అన్నం పెడితే తినడం, మేకులు కొట్టడం తప్ప..."

"నిన్ను అడగలేదమ్మా. పక్కకి జరుగు."

జరగలేదు నేను. అమ్మాయే వంగి నా పక్క నుంచి చూసింది.

"నాన్నా. నీకు తెలుసా?"

ఆయన కళ్ళు అరచేతిలో మేకుల మీద ఉన్నాయి. పక్కింట్లో ఎవరో బకెట్ కింద పెట్టిన చప్పుడు. వీధిలో ఒక స్కూటరు స్టార్ట్ కాక, కాక, చివరికి అయి వెళ్ళిపోయింది. లేదని చెప్పండి అని నేను కళ్ళతో బతిమాలుతున్నాను. నిజం కూడా అదే కదా, అంత చిన్న నిజం చెప్పడానికి ఇంతసేపా? తండ్రన్నా మిగలాలి దానికి. ఒక్క మనిషన్నా మిగలాలి. తల అడ్డంగా ఊపినా చాలు. ఆయన ఊపలేదు. పెదాలు తడుపుకున్నారు, మళ్ళీ మూసుకున్నారు. అమ్మాయి కన్ను ఆర్పకుండా అలాగే వంగి ఉంది.

స్కూటరు చప్పుడు వీధి చివర మలుపు తిరిగి పూర్తిగా ఆగిపోయాక, ఆయన తలెత్తారు. నావైపు కాదు, దానివైపు.

"తెలుసు" అన్నారు. "మర్నాడు స్కూలువాళ్ళు నన్ను పిలిపించారమ్మా. మీ ఆవిడ చెప్పింది నిజమేనా అని కాయితం ముందు పెట్టారు. నిజమేనని కింద సంతకం పెట్టింది నేనే."